గౌరవానికీ ఓటుకూ మధ్య దూరం

2017 మార్చి 11న మణిపూర్ శాసనసభ ఎన్నికల ఫలితాలు వెలువడ్డాయి. థౌబల్ నియోజకవర్గంలో నాటి ముఖ్యమంత్రి ఒక్రామ్ ఇబోబి సింగ్‌కు 18,649 ఓట్లు లభించాయి. ఆయనపై పోటీ చేసిన ఇరోమ్ షర్మిలకు వచ్చినవి 90. అభ్యర్థులెవరూ వద్దంటూ నోటాను ఎంచుకున్నవారే 143 మంది ఉన్నారు. 2000 నవంబరులో మాలోమ్ వద్ద జరిగిన కాల్పుల్లో పదిమంది పౌరులు మరణించిన తరువాత, సాయుధ బలగాల ప్రత్యేక అధికారాల చట్టాన్ని రద్దు చేయాలంటూ ఆమె అన్నపానీయాలు మానేశారు. ముక్కులో అమర్చిన గొట్టం ద్వారా బలవంతంగా ఆహారం ఎక్కిస్తూ ప్రభుత్వం ఆమెను దాదాపు 16 ఏళ్లు నిర్బంధంలో బతికించింది. 2016 ఆగస్టు 9న దీక్ష విరమించి, సొంతంగా ఒక పార్టీని స్థాపించి, ఏడు నెలలు గడవకముందే ఆమె ఓటరు ముందు నిలబడ్డారు.

ఆ ఫలితంపై దేశమంతటా రెండు వ్యాఖ్యానాలు చెలామణీ అయ్యాయి. ప్రజలు కృతఘ్నులన్నది మొదటిది. మంచివాళ్లకు రాజకీయాలు పనికిరావన్నది రెండవది. ఈ రెంటిలో ఏది ఒప్పుకున్నా ఆలోచించవలసిన శ్రమ తప్పుతుంది. ఏ పార్టీ అండా లేకుండా, సమాజం కోసం పనిచేసిన పేరుతో శాసనసభకు పోటీపడే పౌరులు ప్రతి ఎన్నికలోనూ కనిపిస్తారు. వారిలో అత్యధికులు ధరావతు కోల్పోతారు. అది వ్యక్తుల వైఫల్యమేనా, లేక మనం కట్టుకున్న వ్యవస్థ తీరే అంతా? రెండవదే నిజమని నా అభిప్రాయం. పైగా, ఈ పౌరులకు మిగిలిన ఆ సన్నని దారిని కూడా మూసివేయాలన్న సిఫారసు ఒకటి పదేళ్లుగా ప్రభుత్వం ముందు ఉంది. అందుకే ఈ విషయాన్ని సానుభూతి వచనాలతో సరిపెట్టకుండా పరిశీలించాలి.

ముందుగా ఓటరు వైపు నుంచి చూద్దాం. రాజ్యాంగం దృష్టిలో శాసనసభ్యుడు చట్టాలు చేసేవాడు, బడ్జెట్‌ను పరిశీలించేవాడు, మంత్రివర్గాన్ని ప్రశ్నించేవాడు. ఊళ్లో మనిషి దృష్టిలో ఆయన పింఛను మంజూరు చేయించేవాడు, పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసేవాడు, పెద్దాసుపత్రిలో మంచం ఇప్పించేవాడు, రోడ్డు వేయించేవాడు. హక్కుగా అందవలసినవన్నీ సిఫారసుగా అందే చోట, ప్రతినిధి స్వభావం కంటే అతని పలుకుబడే ఓటరుకు ముఖ్యమవుతుంది. పలుకుబడి అధికార పక్షం వద్ద ఉంటుంది. నిధుల కేటాయింపు ముఖ్యమంత్రి చేతిలో ఉన్నప్పుడు, ఏ పక్షానికీ చెందని సభ్యుణ్ణి ఎన్నుకోవడమంటే ఐదేళ్లపాటు తన ఊరిని వరుసలో చివర నిలబెట్టడమేనని ఓటరు లెక్కవేస్తాడు. ఆ లెక్క మనకు నచ్చకపోవచ్చు. అందులో అవివేకం మాత్రం లేదు.

థౌబల్ ఓటరు ముందు మరో లెక్క కూడా ఉంది. షర్మిల ఏ చట్టంపై పోరాడారో అది 1958లో పార్లమెంటు చేసిన చట్టం. దానిని రద్దు చేసే అధికారం మణిపూర్ శాసనసభకు లేదు. ఒక ప్రాంతాన్ని కల్లోలిత ప్రాంతాల జాబితా నుంచి తప్పించే విషయంలో మాత్రం రాష్ట్ర ప్రభుత్వ వైఖరికి విలువ ఉంటుంది. 2004లో మనోరమ హత్యపై నిరసనలు వెల్లువెత్తినప్పుడు ఇంఫాల్ పురపాలక ప్రాంతం నుంచి చట్టాన్ని తొలగించింది ఇబోబి ప్రభుత్వమే. అరవై స్థానాల సభలో మూడు స్థానాలకు మాత్రమే అభ్యర్థులను నిలిపిన కొత్త పార్టీ ఆ పని ఎలా చేయగలదన్న ప్రశ్నకు ఓటరుకు సమాధానం దొరకలేదు. థౌబల్ ఆమె సొంత ప్రాంతం కూడా కాదు. ముఖ్యమంత్రిని ఆయన గడ్డపైనే ఢీకొనడంలో నైతిక సాహసం ఉంది గానీ, అక్కడి వీధులతో ఆమెకు రోజువారీ సంబంధం లేదు. దీక్షలో ఉన్న షర్మిలను ఆరాధించినవారిలో పలువురు దీక్ష మానిన షర్మిలను తమ వీధిలో ఉండనివ్వడానికే అంగీకరించలేదు. విడుదలైన రోజు ఆమె తిరిగి ఆసుపత్రికే చేరవలసి వచ్చింది. సమాజం ఆమెను ప్రతీకగా గౌరవించింది, ప్రతినిధిగా ఊహించుకోలేకపోయింది.

ఇందుకు భిన్నమైన అనుభవాలూ ఉన్నాయి. 2016 నాటి ఊనా ఉద్యమం నుంచి ఎదిగిన జిగ్నేశ్ మేవాని 2017లో గుజరాత్‌లోని వడ్గామ్ నుంచి స్వతంత్ర అభ్యర్థిగా గెలిచారు. అక్కడ కాంగ్రెస్ తన అభ్యర్థిని నిలపకుండా ఆయనకు మద్దతిచ్చింది. అస్సాంలో అఖిల్ గొగోయ్ 2021లో జైలులో ఉండగానే శివసాగర్ నుంచి స్వతంత్రుడిగా నెగ్గారు. వృద్ధురాలైన ఆయన తల్లి ఇంటింటికీ తిరిగి ఓట్లడిగారు. ఆ దృశ్యం అందరికీ గుర్తుంది. అంతగా గుర్తులేనిది, ఆయన 2005లో స్థాపించిన రైతు సంఘం అప్పటికి పదిహేనేళ్లుగా గ్రామగ్రామాన పనిచేస్తున్నదన్న సంగతి. కర్ణాటకలోని మేలుకోటె నుంచి రైతు నాయకుడు పుట్టణ్ణయ్య 2013లో గెలిచారు. 2023లో ఆయన కుమారుడు దర్శన్ అదే స్థానంలో గెలిచినప్పుడు కాంగ్రెస్ పోటీకి దూరంగా ఉంది. ఈ ముగ్గురి త్యాగం షర్మిల త్యాగం కంటే గొప్పదని ఎవరూ అనరు. వారికి ఉన్నవీ ఆమెకు లేనివీ రెండు: బూత్ స్థాయి దాకా విస్తరించిన సంఘం, లేదా ప్రధాన పక్షాలలో ఒకటి ఖాళీ చేసి ఇచ్చిన చోటు.

తెలుగు నేల అనుభవం కూడా ఇదే చెబుతుంది. వావిలాల గోపాలకృష్ణయ్య సత్తెనపల్లి నుంచి 1952 మొదలు నాలుగు సార్లు శాసనసభకు ఎన్నికయ్యారు. స్వాతంత్ర్యోద్యమం, గ్రంథాలయోద్యమం, నాగార్జునసాగర్ కోసం జరిగిన ఆందోళన ఆయనను ఆ ప్రాంతపు ప్రతి ఊరికీ పరిచయం చేశాయి. ఆయన గెలుపు వెనుక దశాబ్దాల నడక ఉంది. అర్ధ శతాబ్దం తరువాత, ఐఏఎస్ ఉద్యోగం వదులుకొని లోక్‌సత్తా ఉద్యమాన్ని నిర్మించిన జయప్రకాశ్ నారాయణ 2009లో కూకట్‌పల్లి నుంచి గెలిచారు. రాష్ట్రమంతటా పోటీచేసిన ఆయన పార్టీకి దక్కింది ఆ ఒక్క స్థానమే. సభలో ఆయన ప్రసంగాలను ప్రత్యర్థులు సైతం శ్రద్ధగా విన్నారు. అయితే పద్దులపై ఓటింగ్ జరిగినప్పుడు ఒక సభ్యుడిది ఒక ఓటే. 2023లో కొల్లాపూర్‌లో పోటీచేసిన కర్నె శిరీషను రాష్ట్రం బర్రెలక్కగానే ఎరుగును. నిరుద్యోగంపై ఆమె చేసిన చిన్న వీడియో ఒక తరం ఆవేదనకు గొంతునిచ్చింది. ప్రచారంలో దాడి జరిగితే హైకోర్టు ఉత్తర్వుతో పోలీసు రక్షణ పొందవలసి వచ్చింది. చివరకు 5,700కు పైగా ఓట్లు సాధించి ధరావతు కోల్పోయారు. డబ్బు పంచని, కులబలం లేని ఒక పేద యువతికి అన్ని ఓట్లు రావడం చిన్న విషయం కాదు. కానీ ఫోన్‌లో ఆమెను చూసి మెచ్చుకున్న లక్షలమందిలో కొల్లాపూర్ ఓటర్లు ఎందరు?

వ్యక్తుల పరిమితులు ఇవైతే, నియమాలు పెట్టే పరిమితులు వేరే ఉన్నాయి. శాసనసభకు పోటీచేయడానికి 25 ఏళ్లు నిండి, ఆ రాష్ట్రంలో ఓటరై ఉంటే చాలునని మనం పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి నామినేషన్‌పై ఒక ఓటరు ప్రతిపాదన సరిపోతుంది. స్వతంత్రుడికి పదిమంది కావాలి. పార్టీ గుర్తు ఏళ్ల తరబడి గోడల మీద ఉంటుంది. స్వతంత్రుడికి గుర్తు కేటాయించేది ఉపసంహరణ గడువు ముగిశాక. అప్పటి నుంచి పోలింగ్ దాకా చట్టం హామీ ఇచ్చే కనీస వ్యవధి రెండు వారాలే. రెండు లక్షలకు పైగా ఓటర్లున్న నియోజకవర్గంలో ఆ వ్యవధిలో తన గుర్తు ఏమిటో అందరికీ చెప్పడమే అసాధ్యం. ఈవీఎంపై పేర్ల వరుసలోనూ గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థులు ముందు, స్వతంత్రులు చివర ఉంటారు. ఓటర్ల జాబితా ప్రతులు గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థులకు ఉచితం.

డబ్బు సంగతి మరీ విచిత్రం. పెద్ద రాష్ట్రాలలో శాసనసభ అభ్యర్థి ఖర్చుకు 2022 నుంచి ఉన్న పరిమితి 40 లక్షల రూపాయలు. పార్టీ చేసే ఖర్చుకు పరిమితే లేదు. స్టార్ క్యాంపెయినర్ల ప్రయాణాలు, పార్టీ సాధారణ ప్రచారం అభ్యర్థి లెక్కలోకి రావు. పార్టీ ఖర్చును కూడా అభ్యర్థి ఖర్చుగానే పరిగణించాలని 1974లో సుప్రీంకోర్టు చెబితే, పార్లమెంటు వెంటనే చట్టాన్ని సవరించి ఆ తీర్పును నిష్ఫలం చేసింది. ఈ విషయంలో అధికార పక్షానికీ ప్రతిపక్షానికీ మధ్య ఎన్నడూ పెద్ద విభేదం రాలేదు. పార్టీకి విరాళమిస్తే ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంది. స్వతంత్ర అభ్యర్థికి ఇస్తే లేదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టివేసిన ఎన్నికల బాండ్లు సైతం, గత ఎన్నికల్లో కనీసం ఒక శాతం ఓట్లు పొందిన పార్టీలకు మాత్రమే ఉద్దేశించినవి. ఓడిన తరువాత 30 రోజుల్లో ఖర్చుల లెక్క సమర్పించకపోతే మూడేళ్లు అనర్హత వేటు పడవచ్చు. పార్టీ అభ్యర్థికి ఆ పని చేసిపెట్టే గుమాస్తాలు, న్యాయవాదులు ఉంటారు. ఒంటరి పౌరుడు అన్నీ తానే చూసుకోవాలి.

ఇంత ఎగుడుదిగుడుగా ఉన్న మైదానంలో, ఆ మిగిలిన ప్రవేశాన్ని కూడా మూసేయాలని 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో సిఫారసు చేసింది. స్వతంత్రులను పోటీకి అనర్హులుగా చేయాలన్నది దాని సారాంశం. కమిషన్ వాదనలో వాస్తవం లేకపోలేదు. స్వతంత్రులలో చాలామంది ఏదో ఒక పార్టీ నిలబెట్టిన డమ్మీలు. ప్రత్యర్థి పేరే ఉన్న మరో వ్యక్తిని వెతికి నామినేషన్ వేయించడం మన దగ్గర పాత విద్య. 2020 దుబ్బాక ఉపఎన్నికలో గెలుపోటముల తేడా వెయ్యి పైచిలుకు ఓట్లయితే, కారును పోలి ఉందని వివాదానికి కారణమైన చపాతీ రోలర్ గుర్తుకు అంతకు మించి పడ్డాయి. గెలిచిన స్వతంత్రులలోనూ అందరూ ప్రజాహితులు కారు. టికెట్ దక్కని తిరుగుబాటుదారులు, కాంట్రాక్టర్లు, ప్రభుత్వ ఏర్పాటు వేళ ధర పలికే బేరగాళ్లు వారిలో ఉన్నారు.

అయితే డమ్మీ అభ్యర్థిని సృష్టించేది పార్టీలే కదా! దొంగ చేసిన తప్పుకు బాటసారిని శిక్షించడం న్యాయం కాదు. 2015 నుంచి ఈవీఎంపై అభ్యర్థుల ఫొటోలు ఉంటున్నాయి. పోలికలున్న గుర్తులను జాబితా నుంచి తొలగించే అధికారం ఎన్నికల సంఘానికి ఉంది. తికమకను తగ్గించడానికి అవి చాలు. పార్టీలలో అంతర్గత ఎన్నికలు నామమాత్రమైనప్పుడు, టికెట్లు ఒక కుటుంబమో ఒక అధినేతో పంచిపెడుతున్నప్పుడు, పోటీచేసే హక్కును కూడా పార్టీలకే అప్పగిస్తే ప్రజాస్వామ్యం కొద్దిమంది ఇంటి తలుపు దగ్గర ఆగిపోతుంది.

నామినేషన్ వేయడం గెలుపు కోసమే కాదు, అది పౌరుడి విజ్ఞాపన పత్రం కూడా. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండలో 480 మంది బరిలో నిలిచారు. ఫ్లోరైడ్ నీటితో వంకరపోయిన ఎముకలను దేశం చూడాలన్నదే వారి ఉద్దేశం. అదే ఏడాది తమిళనాడులో మొడకురిచ్చి శాసనసభ స్థానానికి 1,033 మంది పోటీపడ్డారు. రైతుల నిరసనే అక్కడా కారణం. ఇందుకు రాజ్యం ఇచ్చిన జవాబు ఏమిటి? ఆ ఏడాదే చట్టాన్ని సవరించి శాసనసభ అభ్యర్థి ధరావతును 250 రూపాయల నుంచి 5,000కు పెంచింది. తరువాత అది 10,000 అయింది. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. అయినా 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో పసుపు, ఎర్రజొన్న రైతులు గుంపుగా నామినేషన్లు వేసి, బరిలోని వారి సంఖ్యను 185కు చేర్చారు. వారు కోరిన పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లో ప్రారంభమైంది. వారి నామినేషన్లే బోర్డును తెచ్చాయని అనలేం. కానీ పదుల సంఖ్యలో విన్నపాలు కదిలించలేని అంశాన్ని ఆ పొడవైన అభ్యర్థుల జాబితా జాతీయ వార్తగా మార్చింది. స్వతంత్ర అభ్యర్థిత్వాన్ని నిషేధిస్తే ఈ గొంతు కూడా ఉండదు.

తలుపు తెరిచి ఉంచడం ఒక్కటే చాలదు. దాని దాకా మెట్లు ఉండాలి. పౌరుడు ఒక్కసారిగా వీధి నుంచి శాసనసభకు దూకవలసి రావడమే మన దేశంలో అసలు వైపరీత్యం. 73, 74 రాజ్యాంగ సవరణలు 1993లో అమల్లోకి వచ్చినప్పుడు పంచాయతీలూ పురపాలికలూ ఆ మెట్లవుతాయని ఆశించాం. మన రెండు రాష్ట్రాల్లో సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తులు లేకుండా జరుగుతుంది. సమాజ సేవకుడు తన సామర్థ్యాన్ని నిరూపించుకోవడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. మరి జరిగిందేమిటి? బెంగళూరు నగరపాలక మండలి పదవీకాలం 2020 సెప్టెంబరులో ముగిస్తే ఎన్నికలు ఏళ్ల తరబడి వాయిదాపడ్డాయి. 2022 మార్చి తరువాత ముంబయి మూడేళ్లకు పైగా ఎన్నికైన ప్రతినిధులు లేకుండా అధికారి పాలనలో ఉండిపోయింది. తెలంగాణ గ్రామాలు 2024 ఆరంభం నుంచి ఏడాదికి మించి ప్రత్యేకాధికారుల కింద నడిచాయి. ఎన్నిక జరిగిన చోట కూడా నిధులు రాక, అప్పుచేసి పనులు చేయించి బిల్లుల కోసం కార్యాలయాల చుట్టూ తిరిగే సర్పంచులు కనిపిస్తారు. శాసనసభ్యులు తమకు పోటీ కాగల స్థానిక నాయకత్వం ఎదగకుండా చూసుకున్నారు. ఈ విషయంలో పార్టీల మధ్య తేడా వెతకడం వృథా.

పొరుగునే ఉన్న నేపాల్‌లో వేరే అనుభవం చూశాం. 2015 రాజ్యాంగం స్థానిక ప్రభుత్వాలకు గణనీయమైన అధికారాలిచ్చింది. 2022లో కాఠ్‌మాండూ మేయర్‌గా స్వతంత్ర అభ్యర్థి బాలేంద్ర షా గెలవడంతో దశాబ్దాల పార్టీల ఆధిపత్యం కదిలింది. ఆయన పాలనా శైలిపై విమర్శలు ఉండవచ్చు. కానీ ఒక కొత్త వ్యక్తి పనితీరును నగరం తన కళ్లతో చూసి అంచనా వేసే అవకాశం అక్కడ దొరికింది. థౌబల్ ఓటరుకు షర్మిల విషయంలో లేనిదీ అదే.

కాబట్టి కోరవలసినవి స్పష్టం. స్థానిక సంస్థల ఎన్నికలు ఐదేళ్ల గడువులో జరగకపోతే ప్రభుత్వం జవాబుదారీ కావాలి. పార్టీల ఖర్చుకు పరిమితి రావాలి. నియోజకవర్గంలో నిర్ణీత సంఖ్యలో ఓటర్ల సంతకాలు సేకరించగల స్వతంత్రుడికి మూడు నెలల ముందే గుర్తు కేటాయించవచ్చు. దీనివల్ల డమ్మీలు తగ్గుతారు, నిజమైన అభ్యర్థికి వ్యవధి దొరుకుతుంది. చిన్న విరాళాలకు పార్టీలతో సమానమైన పన్ను మినహాయింపు, అంతే కఠినమైన పారదర్శకత స్వతంత్రులకూ వర్తింపజేయాలి.

పోటీకి దిగే పౌరుడిని కూడా కొన్ని అడగాలి. నేను నిజాయతీపరుణ్ణి అన్న ఒక్క మాట ఓటు అడగడానికి చాలదు. ఒంటరిగా గెలిస్తే ఆ ఐదేళ్లలో ఏం చేస్తావన్న ప్రశ్నకు అతడి వద్ద వివరమైన జవాబు ఉండాలి. సభలో ఏ ప్రశ్నలు వేస్తాడు, నియోజకవర్గ అభివృద్ధి నిధిని ఎవరి సమక్షంలో ఖర్చుపెడతాడు, అవిశ్వాసం వచ్చినప్పుడు ఏ ప్రాతిపదికన ఓటు వేస్తాడు? గెలిచిన తరువాత పార్టీలో చేరితే స్వతంత్రుడి సభ్యత్వం పదో షెడ్యూలు ప్రకారం రద్దవుతుంది. కానీ చేరకుండానే అమ్ముడుపోయే దారులు అనేకం. ఆ అనుమానాన్ని ముందే తీర్చవలసిన బాధ్యత అభ్యర్థిదే. పేరుమోసిన నేత స్థానాన్ని ఎంచుకుని వార్తల్లోకెక్కడం కంటే, తాను రోజూ తిరిగే ఊళ్లలో పదిమందిని కూడగట్టి, వార్డు నుంచి మొదలై రెండు ఎన్నికలు ఓడినా నిలబడడం కష్టమైన పని. వావిలాల వంటివారు చేసింది అదే.

ఇక ఓటరుగా మన వంతు. పింఛను కోసం, ఆసుపత్రి మంచం కోసం శాసనసభ్యుడి గడప తొక్కవలసిన అవసరం ఉన్నంతకాలం మన ఓటు పలుకుబడి వెంటే పోతుంది. ఆ సేవలు వార్డు కార్యాలయంలో హక్కుగా అందేలా పట్టుబట్టడం కూడా ఎన్నికల సంస్కరణే. ఏ సిఫారసూ అవసరం లేని పౌరుడు మాత్రమే తనకు నచ్చిన మనిషికి నిర్భయంగా ఓటు వేయగలడు. షర్మిలకు ఓటేసిన ఆ 90 మంది అటువంటి స్థితిలో ఉన్నారో, లేక ఆ నష్టాన్ని తెలిసే భరించారో మనకు తెలియదు. వారి సంఖ్య పెరగాలంటే, పోటీచేయడానికే కాదు, మెచ్చిన మనిషికి ఓటేయడానికి కూడా సాహసం అవసరం లేని వ్యవస్థ కావాలి. రాబోయే స్థానిక ఎన్నికల నాడు మీ వార్డులో ఎవరు నిలబడుతున్నారో, ఎందుకు నిలబడుతున్నారో కనుక్కోవడంతో ఆ పని మొదలుపెట్టవచ్చు.